పాఠశాలలో పోషకాహార విద్య: బార్కస్, హైదరాబాద్

ఏ తిండిలో ఏముంది, అది ఒంటికి ఏం చేస్తుంది, చేతిలో ఉన్న డబ్బుతో దొరికే సరుకుల్లో ఏది ఎంత తినాలి? వీటిని పిల్లలకు బడిలో నేర్పడమే పోషకాహార విద్య. మన బడుల్లో ఇది నాలుగు దారుల్లో పిల్లవాడి దగ్గరికి వస్తుంది. సైన్సు పుస్తకంలో పాఠంగా వస్తుంది. మధ్యాహ్న భోజనంగా వస్తుంది. వారానికోసారి మింగించే ఇనుము మాత్రగా వస్తుంది. బడి గేటు దగ్గర ఏం అమ్మకూడదో చెప్పే నియమంగా వస్తుంది. పాఠం, భోజనం విద్యాశాఖవి. మాత్ర వైద్యారోగ్య శాఖది. గేటు దగ్గరి నియమం ఆహార భద్రతా విభాగానిది. ఎవరి పని వారు చేసుకుపోవడంతో ఈ నాలుగూ ఒకదానికొకటి తగలకుండానే పిల్లవాడిని దాటిపోతుంటాయి. వీటిని ఒక్కచోట కలపగలిగేది తరగతి గది ఒక్కటే. ఆ కలపడం పిల్లవాడు ఇంట్లో తినే తిండి నుంచి మొదలైతేనే పాఠం నిలుస్తుంది.

ఇందుకు హైదరాబాద్ పాతబస్తీలోని బార్కస్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. తిండికి ఇంత పేరున్న పేటలు నగరంలో తక్కువ. పైగా దేశ పోషకాహార పరిశోధనకు కేంద్రమైన జాతీయ పోషకాహార సంస్థ ఇదే నగరంలో, తార్నాకలో ఉంది.

పేట, పళ్లెం

చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ వైపు వెళ్లే దారిలో బార్కస్ ఉంటుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఇక్కడ ఎక్కువ. వీరిని చావుష్‌లు అంటారు. సైనికుల బ్యారక్‌ల వల్లే పేటకు ఆ పేరు వచ్చింది. 1948లో పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది. ఈ కుటుంబాలు వేరే బతుకుతెరువులు వెతుక్కున్నాయి. 1970ల నుంచి చాలామంది గల్ఫ్ బాట పట్టారు. తిండి మాత్రం పేటను వదల్లేదు.

పొద్దున్నే ఇక్కడ హరీస్ దొరుకుతుంది. గోధుమలనూ మాంసాన్నీ గంటల తరబడి ఉడికించి మెత్తగా మెదిపి నెయ్యి వేసి ఇస్తారు. కారంగానూ తింటారు, చక్కెర వేసి తియ్యగానూ తింటారు. నగరంలో హలీం రంజాన్ నెల వంటకమైతే, బార్కస్‌లో హరీస్ ఏడాది పొడుగునా ఉండే పొద్దుటి పలహారం. మాంసం, బియ్యం కలిపి వండే మండీ ఇక్కడి నుంచే నగరమంతా పాకింది. పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని అందులోంచే తింటారు. బార్కస్ జామపళ్లకు హైదరాబాద్‌లో ఉన్న పేరు చెప్పనక్కర్లేదు. ఇక పాతబస్తీ ఇళ్లన్నిటిలో కనిపించే ఖిచిడీ, ఖీమా, పుల్లటి పులుసు లాంటి ఖట్టా ఉన్నాయి. సొరకాయ, పప్పు, మాంసం కలిపి వండే దాల్చా ఉంది. అంబాడా పేరుతో గోంగూర, చుగూర్ పేరుతో చింతచిగురు మాంసంలో కలుస్తాయి.

బయటి నుంచి వచ్చి పోషకాహారం గురించి మాట్లాడేవారు ఇలాంటి పేటలో మొదట చేసే పని ‘మీరు తినేది సరికాదు’ అని చెప్పడం. అది తప్పు. ఖిచిడీలో బియ్యానికి తోడు మసూరు పప్పు ఉంది. బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువగా ఉండే మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. మన పప్పన్నంలో జరిగేదీ ఇదే. ఖట్టాలో నువ్వులు పడతాయి. నువ్వుల్లో కాల్షియం పుష్కలం. దాల్చాలో ధాన్యం ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. పాతబస్తీ వంటకు శాస్త్రం తెలుసు. లోటు ఎక్కడుందంటే, ఆకుకూరలూ కూరగాయలూ పళ్లూ పళ్లెంలో తక్కువ. తిండి వెంటనే టీ తాగే అలవాటు ఎక్కువ. మధ్యలో పది రూపాయల పొట్లాలు వచ్చి చేరాయి. పాఠం ఈ మూడింటి మీద పడితే చాలు, మిగతాదాన్ని మెచ్చుకోవాలి.

మండీ పళ్లెం ఇంకో చిక్కు తెస్తుంది. పోషకాహార పోస్టర్లన్నీ ఒక మనిషికి ఒక పళ్లెం అనుకుని గీసినవే. సగం పళ్లెం కూరగాయలూ పళ్లూ, పావు ధాన్యం, ఇంకో పావు పప్పు లేదా మాంసం అని రంగులు వేసి చూపిస్తారు. ఒకే పళ్లెంలో అయిదుగురు తినే ఇంటి పిల్లకు ఆ బొమ్మ అర్థం కాదు. జాతీయ పోషకాహార సంస్థ ‘మై ప్లేట్’ లెక్కను ఒక పూటకు కాక రోజంతటికీ ఇచ్చింది. రోజుకు 2,000 కిలో కేలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పళ్లు 100, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఈ పద్ధతిలో అడిగితే ‘నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నావు’ అన్న ప్రశ్నకు ఏ పిల్లయినా జవాబు చెప్పగలదు.

కూనూరు నుంచి తార్నాకకు

‘మై ప్లేట్’ లెక్క ఇచ్చిన ఆ సంస్థ కథ కొండల్లో మొదలైంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు నీలగిరి కొండల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన మొదలుపెట్టాడు. 1920ల్లో ఆయన చేసిన ఎలుకల ప్రయోగం ఈనాటికీ పాఠం చెప్పడానికి పనికొస్తుంది. దేశంలోని వేర్వేరు ప్రాంతాల వారు తినే తిండిని వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు ఉన్న వాయవ్య భారతపు తిండి తిన్నవి బాగా పెరిగాయి. పాలిష్ పట్టిన బియ్యమే ముఖ్యంగా ఉన్న తిండి తిన్నవి ఎదగలేదు. ఆ గది 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పెట్టుకుంది.

ఇక్కడికి వచ్చాక సంస్థ దృష్టి చుట్టుపక్కల పేదల మీద పడింది. జొన్నే ప్రధానంగా తినే తెలంగాణ పేదల్లో కనిపించే పెల్లాగ్రా జబ్బు గురించి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఆ జబ్బుకూ సంబంధం ఉందని వారి వాదన. దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది. సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతటా పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ చుక్కలు వేసే కార్యక్రమం మొదలైంది.

ఉపాధ్యాయులకు అన్నిటికన్నా పనికొచ్చేది సంస్థ తయారుచేసిన ఆహార పట్టికలు. భారతీయ ఆహారాల పోషక విలువలపై గోపాలన్, ఆయన సహచరుల పుస్తకం 1971లో వచ్చింది. దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి సేకరించిన 528 ఆహార పదార్థాల కొత్త పట్టికలు 2017లో వచ్చాయి. బియ్యం, కందిపప్పు, జామ, గోంగూర అన్నిటి లెక్కా అందులో ఉంది. ఈ పుస్తకం ప్రతి ఉన్నత పాఠశాల బీరువాలో ఉండాల్సింది.

దేశంలో బడి స్థాయి పోషకాహార బోధనకు 1975లో ఎన్‌సీఈఆర్‌టీ, యూనిసెఫ్ కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. పోషకాహారం, ఆరోగ్యం, పరిసరాల పరిశుభ్రత మూడింటినీ ప్రాథమిక తరగతుల పాఠాల్లో కలపడం దాని పని. అందులో దక్షిణాదికి కోయంబత్తూరు కేంద్రం. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి వారానికో గంట ఆరోగ్య పాఠం చెప్పించాలన్నది దాని ఏర్పాటు. అందులోని పదకొండు అంశాల్లో పోషకాహారం ఒకటి.

పుస్తకంలోని పాఠం, హరీస్‌తో ప్రయోగం

తెలంగాణ ఆరు, ఏడు తరగతుల సామాన్యశాస్త్ర పుస్తకాలు చాలా ఏళ్లుగా ఆహారం పాఠంతోనే మొదలవుతున్నాయి. పదో తరగతి జీవశాస్త్రంలోనూ మొదటి పాఠం పోషణే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మాధ్యమాల్లో ఇదే పాఠం. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజ లవణాలు, పీచు అని పేర్లు చెప్పి, వాటిని పరీక్షించే పద్ధతులు ఇస్తారు. అయోడిన్ చుక్క వేస్తే పిండి పదార్థం నీలం-నలుపు రంగుకు మారుతుంది. కాపర్ సల్ఫేట్, కాస్టిక్ సోడా ద్రావణాలు కలిపితే మాంసకృత్తులున్నది ఊదా రంగుకు వస్తుంది. కాగితం మీద రుద్దితే కొవ్వు ఉన్నచోట వెలుతురు కనిపించే మరక పడుతుంది.

పుస్తకంలో చెప్పినట్టు బంగాళాదుంప ముక్క, గుడ్డు తెల్లసొన, వేరుశనగ గింజతో ఈ పరీక్షలు చేయిస్తే పిల్లలు రంగులు చూసి ఆనందిస్తారు, రాసుకుంటారు. బార్కస్‌లో పాఠం చెప్పే ఉపాధ్యాయురాలు ఒక గిన్నెడు హరీస్ తెచ్చుకుంటే ఇంతకంటే లోతుకు వెళ్లొచ్చు. దాన్ని కాస్త నీళ్లలో కలిపి మూడు భాగాలు చేయాలి. ఒకదాంట్లో అయోడిన్ చుక్క వేస్తే నల్లబడుతుంది, అది గోధుమ. రెండోదాంట్లో ఊదా రంగు వస్తుంది, అది మాంసంలోనూ గోధుమలోనూ ఉన్న మాంసకృత్తు. మూడోదాన్ని కాగితానికి రాస్తే మరక పడుతుంది, అది నెయ్యి. పొద్దున తిన్న వంటకం ఒక్కటే మూడు పరీక్షలకూ అవునంటుంది. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఆ భాగం ఉపాధ్యాయురాలే చేయాలి.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. మూడు పరీక్షలకూ దొరకనిదేమిటి అని అడగాలి. విటమిన్ సి దొరకలేదు. దానికి నాలుగో పరీక్ష ఉంది. గంజిలో అయోడిన్ చుక్క వేసి నీలం రంగు తెప్పించి, అందులో జామపండు రసం చుక్కచుక్కగా వేస్తూ పోవాలి. రంగు వెలిసిపోతుంది. అదే గంజికి ఆపిల్ రసం వేస్తే చాలా ఎక్కువ చుక్కలు పడతాయి. ఎందుకంటే 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, ఆపిల్‌లో అయిదు కూడా ఉండదు. జబ్బు పడిన వారిని చూడ్డానికి వెళ్తూ ఆపిల్ కొనే మన సమాజానికి ఈ లెక్క పిల్లల ద్వారానే చేరాలి. జామ రసాన్ని మరిగించి మళ్లీ పరీక్షిస్తే ఇంకా ఎక్కువ చుక్కలు కావాలి. వేడికి విటమిన్ సి నశిస్తుందన్న వాక్యం ఇక కంఠస్థం చేయనక్కర్లేదు.

బడి పళ్లెం: ఒక లెక్కల పాఠం

భారతదేశంలో బడి భోజనానికి పాత చరిత్ర ఉంది. మద్రాసు నగరంలో 1920ల్లోనే కార్పొరేషన్ బడుల్లో పెట్టారు. కామరాజ్ 1956లో తమిళనాట విస్తరించాడు. 1995 ఆగస్టు 15న జాతీయ పథకం మొదలైంది, కానీ చాలా రాష్ట్రాలు వండిన అన్నం బదులు బియ్యం ఇచ్చి ఊరుకున్నాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండి వడ్డించాల్సిందేనని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో వేడి అన్నం మొదలైంది. 2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం వండుతున్నారు. వారానికి మూడు గుడ్లు ఇస్తున్నారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కూడా పెడుతున్నారు. 2023 అక్టోబరులో రాష్ట్రంలో అల్పాహార పథకం ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఈ భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చిన వారెవరినీ తిప్పి పంపని ఆ తల్లి పేరు ఈ పథకానికి అన్నివిధాలా తగింది.

నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు 450 కిలో కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 700 కిలో కేలరీలు, 20 గ్రాములు. చిన్న తరగతికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. పెద్ద తరగతికి బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు.

ఈ అంకెలు గోడ మీద ఉంటాయి, లెక్కల పీరియడ్‌లో కనబడవు. అయిదో తరగతి పిల్లలు వీటితో లెక్కలు చేయగలరు. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కందిపప్పులో వందకు దాదాపు 22 గ్రాములు, అంటే 20 గ్రాముల పప్పులో 4 గ్రాములకు పైమాటే. రెండూ కలిపితే 12. నిబంధనలోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు తెలిసిపోయింది. ఇప్పుడు పప్పు నీళ్లగా ఉంటే ఏమవుతుంది? 20 గ్రాములకు బదులు 10 గ్రాముల పప్పే పడితే 2 గ్రాములు పోయాయి. ఒక గుడ్డు ఉంటే 6 గ్రాములకు పైగా కలిసింది. పళ్లెంలో పప్పు పలచగా ఉందని ఫిర్యాదు చేసే పిల్లకు, పలచదనం ఎన్ని గ్రాములో చెప్పగల శక్తి వస్తుంది. పోషకాహార విద్య ఇవ్వగల అతిపెద్ద వరం ఇదేనని చెప్పొచ్చు.

బలవర్థక బియ్యం గురించీ ఇక్కడే చెప్పాలి. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించాక, ప్రభుత్వ పథకాల బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపిన గింజలను వందకు ఒకటి చొప్పున కలపడం మొదలైంది. ఆ గింజలు బియ్యప్పిండితోనే తయారవుతాయి. నీళ్లలో పోస్తే కొన్ని తేలతాయి. వాటిని చూసి ‘ప్లాస్టిక్ బియ్యం’ అని తల్లిదండ్రులు భయపడ్డారు, చాలాచోట్ల ఏరి పారేశారు. కోట్ల రూపాయల పథకానికి ముందు ఒక గంట పాఠం పెట్టి ఉంటే ఈ భయం పుట్టేది కాదు.

బార్కస్ వంటి పేటలో ఈ భోజనానికి ఒక పెద్ద పరిమితి ఉంది. ఇది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే. పాతబస్తీలో తక్కువ ఫీజుల ప్రైవేటు బడులకు వెళ్లే పిల్లలు చాలామంది. వారికి బడి పళ్లెం లేదు, ఇంటి నుంచి తెచ్చిన డబ్బా లేదా గేటు దగ్గరి కొట్టు ఉంది. భోజనం చేరని చోటికి కూడా పాఠం చేరగలదు, అందుకే ప్రైవేటు బడికి ఈ పాఠం మరింత అవసరం.

నీలం మాత్ర

2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం దేశంలో 5–9 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మందికి, 10–19 ఏళ్ల వారిలో 28 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ వయసు ఆడపిల్లల్లో అది 40 శాతం, మగపిల్లల్లో 18. తెలంగాణలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు 65 శాతం మందికి ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మొదటి సర్వే నరం నుంచి తీసిన రక్తాన్ని, రెండోది వేలి కొస నుంచి తీసిన చుక్కను పరీక్షించాయి. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఏ లెక్క చూసినా ఆడపిల్లలదే ఎక్కువ నష్టం. 10–12 ఏళ్ల మగపిల్లవాడికి రోజుకు 16 మిల్లీగ్రాముల ఇనుము చాలు, అదే వయసు ఆడపిల్లకు 28 కావాలి.

అందుకే బడుల్లో వారానికోసారి మాత్రలు ఇస్తారు. 5–9 ఏళ్ల వారికి గులాబీ రంగు మాత్ర, అందులో 45 మిల్లీగ్రాముల ఇనుము. 10–19 ఏళ్ల వారికి నీలం మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. నులిపురుగుల వల్ల ఒంట్లోని ఇనుము తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఆల్బెండజోల్ కూడా మింగిస్తారు.

ఈ మాత్రను చాలామంది పిల్లలు జేబులో వేసుకుని బయట పారేస్తారు. ఖాళీ కడుపుతో మింగితే వికారం వస్తుంది. మలం నల్లగా వస్తుంది, ఇంట్లో భయపడతారు. ఒక బడిలో ఎవరో వాంతి చేసుకున్నారన్న వార్త వస్తే చుట్టుపక్కల బడులన్నిటిలో మాత్రలు ఆగిపోతాయి. దీనికి విరుగుడు తరగతిలోనే ఉంది. భోజనం అయ్యాక మింగాలి. నలుపు రంగు ఒంట్లోకి పోని ఇనుముది, దాంతో ప్రమాదం లేదు. మాత్ర మింగాక, అన్నం తిన్నాక గంట రెండు గంటల వరకు టీ తాగకూడదు. టీలోని టానిన్లు ఆకుకూర, పప్పు, గోధుమల ఇనుమును పట్టేసి పేగులోంచి రక్తంలోకి పోనివ్వవు. విటమిన్ సి దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. ఇనుమును ఒంటికి పట్టే రూపంలోకి మారుస్తుంది. పప్పన్నం తిని ఇరానీ చాయ్ తాగిన పిల్లకూ, పప్పన్నం తిని జామపండు తిన్న పిల్లకూ పళ్లెం ఒకటే, రక్తంలోకి చేరే ఇనుము వేరు. మాంసంలోని ఇనుము తేలిగ్గా ఒంటికి పడుతుంది, పైగా తోడున్న గోంగూరలోని ఇనుమును కూడా కొంత లాక్కొస్తుంది. పాతబస్తీ అంబాడా గోష్త్‌ను పొగడటానికి ఇదొక్కటి చాలు.

నీలం మాత్రలోని ఫోలిక్ ఆమ్లానికి తెలుగువారితో దగ్గరి సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ముల్ని స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకుంది, ఆయన కూడా దాని బారిన పడి బతికి బయటపడ్డాడు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకు అది మందయింది. వారం వారం ఆ మాత్ర మింగే మన పిల్లలకు ఈ సంగతి చెప్పకపోవడం అన్యాయం.

ఉర్దూ మాధ్యమం బడులకు రంజాన్ నెలలో వేళలు మారతాయి. పెద్ద తరగతుల పిల్లలు ఉపవాసం ఉంటారు. ఆ నెలలో మాత్రను ఇంటికిచ్చి ఇఫ్తార్ తర్వాత మింగమని చెప్పడం, తెల్లవారుజామున తినే సహ్రీలో ఏం తింటే సాయంత్రం వరకు నిలుస్తుందో మాట్లాడటం మంచిది. హరీస్ ఆ ప్రశ్నకు బార్కస్ ముందే ఇచ్చుకున్న జవాబు.

పొట్లం, సీసా

2016–18 సర్వేలోనే ఇంకో సంగతి బయటపడింది. బడి వయసు పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో పది శాతం మందికి మధుమేహానికి ముందు దశ లక్షణాలున్నాయి. ఒకే బడిలో రక్తం తక్కువైన పిల్ల, చక్కెర ఎక్కువైన పిల్ల పక్కపక్కనే కూర్చుంటున్నారు. కొన్నిసార్లు ఆ ఇద్దరూ ఒక్కరే.

కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండిని బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన 2020లో వెలువడింది. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చూపే చక్కెర బోర్డులు బడుల్లో పెట్టమని 2025 మేలో సీబీఎస్‌ఈ ఆదేశించింది. గల్లీకో బడి, బడి గోడకే కొట్టు ఉన్న పాతబస్తీలో 50 మీటర్లు కొలిచేదెవరు? ఇక్కడ నియమం కన్నా లెక్క నేర్పడమే మేలు. చాలా కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 10–11 గ్రాముల చక్కెర ఉంటుంది. 200 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములకు పైనే, అంటే నాలుగు చెంచాలు. బయటి నుంచి కలిపే చక్కెర రోజుకు మొత్తం మీద 25 గ్రాములకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పిల్లలు ఖాళీ సీసా, ఖాళీ పొట్లం తెచ్చి వెనక ముద్రించిన పట్టిక చదివి, చక్కెరను చెంచాతో గ్లాసులోకి కొలిచి పోయాలి. ఆ గ్లాసును బల్ల మీద అలాగే ఉంచాలి. ఇంకేం ఉపన్యాసం అక్కర్లేదు.

ఏది పనిచేస్తుంది

జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాద్ ఉన్నత పాఠశాల ఆడపిల్లలపై చేసిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. అచ్చు వేసిన చార్టులు, కరపత్రాలతో కొందరికీ, సీడీతో కొందరికీ పాఠం చెప్పి చూశారు. రెండు గుంపుల్లోనూ తెలివిడి బాగా పెరిగింది, రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఖరీదైన తెరలు లేవని బాధపడే బడులకు ఇది ఊరట. ఇదే సంస్థ విద్యార్థులకు శిక్షణ ఇచ్చి వారి చేత తోటి పిల్లలకు చెప్పించే పద్ధతినీ పరీక్షించి, అదీ పనిచేస్తుందని చూపింది.

తెలిసినంత మాత్రాన తింటారా? ప్రపంచమంతటా ఎదురయ్యే ప్రశ్న ఇది. జపాన్ దీనికి చెప్పిన జవాబు బాగుంది. 2005లో ఆహార విద్యకు ఏకంగా చట్టం చేసింది, అదే ఏడాది బడుల్లో పోషకాహార ఉపాధ్యాయుల పదవులు ఏర్పడ్డాయి. అక్కడ పిల్లలే తోటివారికి వడ్డిస్తారు, ఉపాధ్యాయులు వారితో కలిసి తింటారు. భోజన సమయం చదువులో భాగం. మన దగ్గర భోజన సమయం చదువుకు విరామం. ఉపాధ్యాయులు పిల్లలతో కూర్చుని అదే అన్నం తినడానికి చట్టం అక్కర్లేదు, ఖర్చు లేదు. బడి తోటల మార్గదర్శకాలు 2019లో వచ్చాయి. స్థలం లేని పాతబస్తీ బడుల్లో మిద్దె మీద కుండీల్లో పాలకూర, మెంతికూర పెంచుకోవచ్చు.

చేయకూడనివీ ఉన్నాయి. తరగతి ముందు పిల్లల్ని బరువు తూచకూడదు. ఎవరి డబ్బాలో ఏముందో పైకి చెప్పించకూడదు. గుడ్డు తినని ఇంటి పిల్లనూ, మాంసం తినే ఇంటి పిల్లనూ వేలెత్తి చూపకూడదు. రోజు కూలి మీద బతికే ఇంటి పిల్లవాడికి బాదం పప్పు తినమని చెప్పడం క్రూరత్వం. వేరుశనగలు, నువ్వులు, ఉలవలు, బొబ్బర్లు, గుడ్డు, జామ, గోంగూర ఉన్న ఊరిలో ఖరీదైన పేర్లు ఎత్తనక్కర్లేదు. మాట కూడా ఇంటి మాటే కావాలి. పాఠం ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా, అంబాడా అన్నప్పుడు వెలిగే ముఖం ‘ఇనుము సమృద్ధిగా గల ఆకుకూర’ అన్నప్పుడు వెలగదు.

చట్టం చెప్పేది

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం 6–14 ఏళ్ల పిల్లలకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఉచిత భోజనం హక్కు. 450 కిలో కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులన్న అంకెలు ఆ చట్టం షెడ్యూలులోనే ఉన్నాయి. 2015 నిబంధనల ప్రకారం వడ్డించే ముందు కనీసం ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి. ఏ కారణం చేతనైనా భోజనం పెట్టని రోజుకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. బార్కస్‌లో ఉన్నా బాన్సువాడలో ఉన్నా, మీ పిల్లలు ప్రభుత్వ బడికి వెళ్తుంటే ఒకసారి మధ్యాహ్నం పూట బడికి వెళ్లండి. వారపు వంటకాల పట్టిక గోడ మీద ఉందా, పప్పు ఎంత చిక్కగా ఉంది, గుడ్డు ఇవ్వాల్సిన రోజున ఇచ్చారా అని అడగండి. మీ పక్కన మీ పిల్లను నిలబెట్టుకుని అడగండి, గ్రాముల లెక్క తనే చెబుతుంది.